యంత్రము గతించినను వ్రాత నిలుచునా?

ఇంటి సంగతులను భద్రపరచు భారము మన దేశమున తరతరములుగా స్త్రీలమీదనే యున్నది. పెండ్లిపాటలు, వ్రతవిధానములు, బిడ్డలు పుట్టిన తిథి నక్షత్రములు, ఊరగాయల పాళ్లు, దూరపు చుట్టముల చిరునామాలు - వీనినన్నిటిని దాచియుంచి, అడిగినవారికి వెదకి తీసి యిచ్చునది గృహిణియే. ఇవి యొకప్పుడు తాటాకులమీదను, పిమ్మట చేవ్రాత పుస్తకములలోను ఉండెడివి. గడచిన నలువది యేండ్లలో వీనిలో కొంతభాగము కంప్యూటరులలోనికి చేరినది. చేవ్రాత పుస్తకమును చదువుటకు దీపపు వెలుతురును, అక్షరజ్ఞానమును ఉన్న చాలును. కంప్యూటరులోని వ్రాతను చదువుటకో, దానిని వ్రాసిన యంత్రమువంటి యంత్రమే కావలసివచ్చును. ఆ యంత్రము పాడైపోయి, దానిని తయారుచేయువారు కూడ మానివేసిన వెనుక అందలి వ్రాత గతి యేమి? ఈ మాసమున మేమీ ప్రశ్నను చేపట్టి, దానికి విద్వాంసులు కనిపెట్టిన యొక యుపాయమును మా చదువరులకు తెలుపదలచితిమి.

ఆ యుపాయము పేరు ఎమ్యులేటరు. ఇది చేతితో తాకదగిన వస్తువు కాదు, ఒక సాఫ్ట్‌వేరు. నేటి కంప్యూటరులో దీనిని నడిపినచో ఆ కంప్యూటరు తన లోపల నొక పాత కంప్యూటరును పూర్తిగా అనుకరించును. తెరమీద నొక కిటికీ తెరచుకొనును. అందులో నలువది యేండ్లనాటి యంత్రము మేలుకొని, ఆనాటి అక్షరములతో, ఆనాటి రంగులతో, ఆనాటి కూతతో మనలను పలుకరించును. ఆనాటి ప్రోగ్రాములు తాము క్రొత్తచోటికి వచ్చితిమని యెరుగక, పుట్టింట నున్నట్లే పనిచేసికొనును.

ఈ యాలోచన నేటిది కాదు. 1964వ సంవత్సరమున ఐ.బి.ఎం. సంస్థ సిస్టం 360 అను పెద్ద యంత్రములను ప్రకటించినప్పుడు, తమ పాత 1401 యంత్రములకై వ్రాసికొన్న ప్రోగ్రాములన్నియు వృథా యగునేమోయని కొనువారు జంకిరి. అందుచే క్రొత్త యంత్రమే పాత యంత్రమువలె నటించునట్లు ఆ సంస్థ ఏర్పాటు చేసెను. ఆనాడది వ్యాపారము నిలుపుకొనుటకు చేసిన పని. నేడు దాని ప్రయోజనము అంతకంటె పెద్దదైనది. ఎంత పెద్దదో తెలియుటకు ఇంగ్లండులో జరిగిన యొక వృత్తాంతమును వినుడు.

1086వ సంవత్సరమున ఇంగ్లండు రాజైన విలియము తన రాజ్యములోని భూములను, పశువులను, మరలను, పన్నులను లెక్కింపించి గొఱ్ఱెతోలు పత్రములమీద లాటిను భాషలో వ్రాయించెను. దానికి డూమ్స్‌డే గ్రంథమని పేరు. తొమ్మిదివందల యేండ్లు నిండిన సందర్భమున, 1986వ సంవత్సరమున, బి.బి.సి. వారు క్రొత్త డూమ్స్‌డే నొకదానిని సమకూర్చిరి. ఈసారి లెక్కలు వ్రాసినవారు రాజోద్యోగులు కారు. దేశమంతటను 4 కిలోమీటర్ల పొడవు, 3 కిలోమీటర్ల వెడల్పు గల గడులుగా విభజించి, ఒక్కొక్క గడిలోని జీవితమును వర్ణింపుడని ఆయా ప్రాంతముల పాఠశాలలను, స్థానిక సంఘములను కోరిరి. బాలబాలికలు తమ యూరి అంగళ్లను గూర్చి, ఆటలను గూర్చి, భోజనమును గూర్చి, తలిదండ్రుల పనిపాటలను గూర్చి వ్రాసి పంపిరి, ఛాయాచిత్రములను తీసిరి. 10 లక్షల మందికి పైగా ఈ కార్యమున పాలుగొనిరి. చరిత్ర గ్రంథములలో సాధారణముగా చోటు దొరకని వంటయిండ్ల సంగతులును, పిల్లల యాటపాటలును ఇందు లక్షకు మించిన పుటలలో చేరినవి.

ఆ సామగ్రి నంతను వెడల్పైన రెండు లేజరు డిస్కులమీద నెక్కించిరి. దానిని చదువుటకు బి.బి.సి. మాస్టరు అను కంప్యూటరును, దానికి తగిలించిన ప్రత్యేకమైన లేజరు డిస్కు యంత్రమును కావలసియుండెను. వీని వెల సుమారు 5,000 పౌనులు. ఇంత వెలపెట్టి కొనగల పాఠశాలలు కొన్నియే. కావున తాము వ్రాసిన పుటలను తాము తెరమీద చూచుకొన నోచని పిల్లలు పెక్కుమంది యుండిరి. ఇంతలో ఆ యంత్రములు మూలబడినవి; అట్టి డిస్కులను చదువు పరికరములు అంగళ్లలో దొరకుట మానినవి. 2002 నాటికి, అనగా పదునారేండ్లకే, ఆ డిస్కులు చదువ నలవికాని స్థితికి వచ్చినవి. తొమ్మిదివందల యేండ్లనాటి తోలుగ్రంథమో, నేటికిని లండనులోని క్యూ అనుచోట జాతీయ అభిలేఖాగారమున పుటలు తెరచి చదువుటకు వీలుగా నున్నది!

అప్పుడు ఇంగ్లండులోని లీడ్సు విశ్వవిద్యాలయమువారును, అమెరికాలోని మిషిగను విశ్వవిద్యాలయమువారును కూడి కామిలియన్ అను పరిశోధనలో, పాత కంప్యూటరును డిస్కు యంత్రముతోకూడ అనుకరించు ఎమ్యులేటరును సిద్ధపరచి, 2002లో నాటి పుటలను నేటి కంప్యూటరు తెరమీద మరల చూపిరి. మూగవోయిన వ్రాత తిరిగి పలికినది. వ్రాసిన పిల్లలు అప్పటికి పెద్దవారై, వారిలో పలువురు తామే తలిదండ్రులై యుందురు. ఒక తరము తన బాల్యమును గూర్చి తానే పలికిన సాక్ష్యము గాలిలో కలిసిపోకుండుటకు ఇట్టి సాఫ్ట్‌వేరు తోడ్పడినదని మా చదువరులు గుర్తింపవలెను.

ఇక ఈ ఎమ్యులేటరు ఎట్లు పనిచేయునో చూతము. మన యమ్మమ్మలు పిండివంటల పాళ్లను సోలలతోను, తవ్వలతోను, మానికలతోను చెప్పెడివారు. నేటి కోడలి యింట గ్రాముల త్రాసును, గ్యాసు పొయ్యియు నుండును. ఆమె రెండు విధముల పని జరుపుకొనవచ్చును. మొదటిది, పాతపాళ్లనన్నిటిని ఒక్కసారిగా గ్రాములలోనికి మార్చి వ్రాసికొని, పాతకాగితమును పారవేయుట. రెండవది, పాతకాగితమును ఉన్నదున్నట్లే ఉంచి, వంట చేయునప్పుడెల్ల ఒక్కొక్క పంక్తిని చదివి, ‘సోల యనిన ఇంత, పిడకల సెగ యనిన ఇంత మంట’ అని అప్పటికప్పుడు సరిపెట్టుకొనుచు పోవుట. కంప్యూటరు వ్రాతలను క్రొత్త రూపములోనికి మార్చుట మొదటి పద్ధతి. ఎమ్యులేటరుది రెండవ పద్ధతి. మొదటిదానిలో మార్చినవారు చేసిన పొరపాటు శాశ్వతమగును. రెండవదానిలో మూలము చెక్కుచెదరదు.

ఉదాహరణముగా బి.బి.సి. మైక్రో అను కంప్యూటరును తీసికొందము. పైని చెప్పిన మాస్టరునకు ఇది యక్క వంటిది. కేంబ్రిడ్జిలోని ఏకార్ను సంస్థవారు దీనిని 1981 డిసెంబరులో వెలువరించిరి. దీని హృదయము 6502 అను చిన్న చిప్పు. దానికి తెలిసిన ఆజ్ఞలు 56 విధములు మాత్రమే. చేతిలో పట్టుకొని పనిచేయుటకు దానికి గల ప్రధానమైన గళ్లు మూడు. అది యెరిగిన జ్ఞాపకపు అరలు 65,536. ఎమ్యులేటరు నేటి కంప్యూటరులో అన్నియే అరల వరుసను, మూడు గళ్లను కల్పించుకొనును. పిమ్మట పాతప్రోగ్రాములోని యొక్కొక్క ఆజ్ఞను తీసి, దాని యర్థమును తెలిసికొని, పాతచిప్పు ఏమి చేసియుండునో దానినే తాను చేయును. తెరను, మీటలను, ధ్వనిని, డిస్కును అనుకరించు భాగములు వేరుగా నుండి, వీనితో కలిసి నడచును.

ఇందు కాలమును పాటించుటయే మిక్కిలి కష్టమైన పని. పాతచిప్పు సెకనుకు 20 లక్షల తాళములు వేయును. ఒక్కొక్క ఆజ్ఞకు రెండు మొదలు ఏడు తాళముల వరకు పట్టును. నేటి కంప్యూటరులు సెకనుకు వందల కోట్ల తాళములు వేయగలవు గనుక ఈ యనువాదపు శ్రమ వానికి లెక్కలోనిది కాదు. తోచినంత వేగముగా పరుగెత్తినచో పాట కీచుమనును, బొమ్మ తెరమీద నిలువదు. కావున ఎమ్యులేటరు ప్రతి యాజ్ఞకును తాళములను లెక్కించి, పాతయంత్రముతో సమానముగా నుండుటకై కావలెననియే ఆగుచు నడచును. ముసలి యత్తగారి చేయి పట్టుకొని గుడిమెట్లెక్కించు కోడలు తన యడుగును తగ్గించుకొనదా? ఇదియు నట్టిదే.

ఇచ్చట మేము ముఖ్యముగా చెప్పదలచిన మాట యొకటి కలదు. ఎమ్యులేటరు కూడ ఒక ప్రోగ్రామే. దానిని ఒకే విధమైన కంప్యూటరునకు మాత్రమే సరిపడునట్లు వ్రాసినచో, ఆ కంప్యూటరు గతించిననాడు ఎమ్యులేటరు కూడ గతించును. అప్పుడు దానిని బ్రదికించుటకు మరియొక ఎమ్యులేటరు కావలసివచ్చును. అందుచే దూరదృష్టి గలవారు దీనిని ఏ కంప్యూటరుమీదనైనను నిలుచునట్లు వ్రాయుచున్నారు. పాతయంత్రపు లక్షణములను చెప్పు ముఖ్యభాగమును సి వంటి సర్వత్ర చెల్లు భాషలో వ్రాయుదురు. కిటికీ తెరచుట, మీట నొక్కుట, చప్పుడు చేయుట మొదలైన పనులు విండోసులో నొక తీరుగా, లినక్సులో నొక తీరుగా, మాకులో వేరొక తీరుగా నుండును గనుక ఆ భాగమును పలుచని పైపొరగా విడదీయుదురు. ఈ పైపొర పనికై 1998లో మొదలైన ఎస్.డి.ఎల్. వంటి ఉమ్మడి సాధనములు కలవు. రేపు క్రొత్త కంప్యూటరు వచ్చినచో పైపొరను మాత్రము మార్చిన చాలును.

ఈ తీరున వృద్ధిపొందినవానిలో కొన్నిటిని పేర్కొందుము. కమోడోరు 64 మొదలైన యంత్రములను అనుకరించునది వైస్. నాటి డాస్ ప్రోగ్రాములను నడుపునది డాస్‌బాక్స్. ఇది 2002లో వెలువడినది. 1997లో నికోలా సాల్మోరియా అను ఇటలీ దేశస్థుడు ఆటయంత్రములకై ఆరంభించిన మేమ్, గృహ కంప్యూటరులకై పుట్టిన మెస్‌ను 2015లో తనలో కలుపుకొన్నది. ఇవి విండోసు, లినక్సు, మాకు మూటిలోను నడచును. వీని మూలపాఠమును ఎవరైనను చదివి, సవరించి, పంచుకొనవచ్చును. ఇంటర్నెట్ ఆర్కైవు అను గ్రంథాలయమువారు 2013 మొదలు ఇట్టివానిని వెబ్ బ్రౌజరులోనే నడచునట్లు చేసిరి. వీనిని పెంచి పోషించువారిలో పలువురు జీతము లేక తీరిక వేళల శ్రమించువారే.

మన సంప్రదాయమునకు ఇది వింత కాదు. తాళపత్రము శిథిలమగుచున్నప్పుడు క్రొత్త ఆకులు తెచ్చి ఎత్తివ్రాయుట మన పెద్దల యాచారము. పందొమ్మిదవ శతాబ్దమున సి. పి. బ్రౌను పండితులకు జీతములిచ్చి తెలుగు గ్రంథములను సేకరింపించి, ప్రతులు వ్రాయింపకున్నచో ఎన్ని కావ్యములు పురుగుల పాలై యుండునో! అయితే తాళపత్రమున ఆకును ఎత్తివ్రాసిన చాలును. చదువు విద్య జనులలో నిలిచియుండెను. కంప్యూటరు వ్రాతకు ఆకుతోపాటు చదువు విద్యను కూడ ఎత్తివ్రాయవలెను. ఆ విద్యకు ప్రతియే ఎమ్యులేటరు.

బి.బి.సి. మైక్రోతో మన దేశమునకు సంబంధము కలదు. 1984-85లో భారత ప్రభుత్వమువారు క్లాస్ అను పేర పాఠశాలలలో కంప్యూటరు విద్యను ఆరంభించినప్పుడు పిల్లలకు చూపినవి ఈ యంత్రములే. దీనిలోని బేసిక్ భాషను వ్రాసిన సోఫీ విల్సను, స్టీవు ఫర్బరుతో కూడి పిమ్మట ఆర్మ్ అను చిప్పును రూపొందించెను. 1985లో మొదటి ఆర్మ్ చిప్పు పనిచేసినది బి.బి.సి. మైక్రోకు తగిలింపబడియే. నేడు మన చేతులలోని సెల్‌ఫోనులలో మిక్కిలి భాగము ఆ వంశపు చిప్పులతోనే నడచుచున్నవి. కావున ఫోనులోని బ్రౌజరున బి.బి.సి. మైక్రోను మేలుకొలుపునప్పుడు, మనుమరాలు తన యమ్మమ్మ గొంతును అనుకరించుచున్నదని చెప్పిన తప్పు లేదు.

తెలుగువారికి ఈ విషయమున ప్రత్యేకమైన చిక్కు కలదు. యూనికోడు అను ఉమ్మడి లిపిసంకేతములలో తెలుగునకు 1991లోనే స్థానము లభించినను, విండోసులో తెలుగు లిపి సాధారణముగా కనబడుట 2001లో వచ్చిన ఎక్స్‌పీతో మొదలైనది. అంతకు పూర్వమును, పిమ్మట కూడ చాలకాలమును, అచ్చుపనివారును రచయితలును ఇంగ్లీషు అక్షరముల స్థానములలో తెలుగు ముక్కలను పొదిగిన ఫాంట్లను వాడిరి. అట్టి ఫైలును నేడు ఆ ఫాంటు లేక తెరచినచో అర్థము లేని ఇంగ్లీషు అక్షరముల గుంపు కనబడును. ఎందరు స్త్రీలు తమ కథలను, అత్తగారివద్ద విన్న పాటలను, కుటుంబ చరిత్రలను ఆ రీతిని టైపు చేయించి ఫ్లాపీలలో దాచిరో! వ్రాసినవారు గతించినచో ఆ ఫ్లాపీయే వారి గొంతు. దానిని పనికిమాలిన పలకయని చెత్తబుట్టలో వేయవచ్చునా? 86బాక్స్, డాస్‌బాక్స్-ఎక్స్ వంటి ఎమ్యులేటరులలో పాత విండోసును నిలిపి, ఆ ఫాంటును, ఆ ప్రోగ్రామును చేర్చినచో ఆ పుట తాను పుట్టినప్పటి రూపముతోనే కనబడును. అటుపిమ్మట దానిని అచ్చువేసికొనుటయు, యూనికోడులోనికి మార్చుటయు సులభము.

ఐనను ఎమ్యులేటరు చేయలేని పనులును కలవు. అది డిస్కుమీది వ్రాతను చదువగలదు గాని, బూజుపట్టి చెరిగిపోయిన డిస్కును బాగుచేయలేదు. మన తేమదేశమున ఫ్లాపీలకు బూజు పట్టుట తఱచు. పాతమీటల స్పర్శయు, గాజుతెర వెలుగును అది తేలేదు. న్యాయ విషయము కూడ గమనింపవలెను. పాతయంత్రములోని శాశ్వత ప్రోగ్రాములకును, విండోసువంటివానికిని హక్కుదారులుందురు. ఎమ్యులేటరు ఉచితముగా దొరకినంత మాత్రమున అవియు నుచితము లనరాదు. న్యాయముగా తమవద్ద నున్న ప్రోగ్రామునకు నష్టభయముచే రక్షణప్రతి తీసికొనుటకు మాత్రము మన 1957 కాపీరైటు చట్టము అనుమతించుచున్నది.

మా చదువరులు చేయదగిన పనిని క్లుప్తముగా చెప్పెదము. మొదట ఇంటి బీరువాలలోను, అటకలమీదను వెదకి పాత ఫ్లాపీలను, సీడీలను ఒకచోట చేర్పుడు. ఒక్కొక్కదానిపై ఎవరిదో, ఏ యేటిదో, ఏ ప్రోగ్రాముతో వ్రాసినదో కాగితముపై వ్రాసి జతపరుపుడు. ఈ సంగతులు తెలిసిన పెద్దలుండగనే అడిగి తెలిసికొనుడు. 3½ అంగుళముల ఫ్లాపీని యు.ఎస్.బి. ద్వారా తగిలించు పరికరముతో నేటి కంప్యూటరున చదువవచ్చును. 5¼ అంగుళములదైనచో పనితెలిసినవారి నాశ్రయింపుడు. బూజు కనబడినచో పరికరములో పెట్టకుడు. పరికరమును కూడ చెరుచును. ఫైళ్లను మాత్రమే కాక, డిస్కు మొత్తమును ఉన్నదున్నట్లు ఒకే ఫైలుగా, అనగా ఇమేజిగా, తీయింపుడు. ఎమ్యులేటరు దానినే డిస్కుగా భావించి చదువును. ఆ ప్రతిని రెండు వేర్వేరు చోట్ల నుంచుడు. మిక్కిలి ముఖ్యమైనదానిని కాగితముపై అచ్చువేసి కూడ దాచుకొనుడు. ఇంటిలో చదువుకొను పిల్లలున్నచో ఎమ్యులేటరును నిలుపు పని వారి కప్పగింపుడు. తాతమ్మల మాటలు చదువుటయు, యంత్రవిద్య నేర్చుటయు నొక్కసారే జరుగును.

ఫ్లాపీలు విరివిగా తయారుచేసిన సోనీ సంస్థయే 2011లో ఆ పనిని విరమించినది. కావున ఆలస్యము పనికిరాదు. పైని చెప్పిన డూమ్స్‌డే కథకు తరువాయి కూడ కొంత కలదు. బి.బి.సి. వారు 2011లో ఆ పుటలను వెబ్‌లో నుంచి అందరికి చూపిరి. 2018లో ఆ స్థలము మూతపడినది. దాని ప్రతిని జాతీయ అభిలేఖాగారమువారు భద్రపరచిరి. రక్షించిన దానిని మరల మరల రక్షింపవలసియే యున్నదని దీనివలన తెలియుచున్నది. ప్రతి సంవత్సరము ఊరగాయ జాడీలను తెరచి చూచి, నూనె తక్కువైన పోసి, గుడ్డ మార్చి కట్టు గృహిణులకు ఈ మాట వేరుగ బోధింపనక్కరలేదు. ఆ శ్రద్ధలో కొంత మన యింటి వ్రాతలపై నుంచుడని మా ప్రార్థన. ఏటికొక దినము నిర్ణయించుకొని ప్రతులను తెరచి చూచి, చదువబడుచున్నవో లేవో పరీక్షింపుడు. మీ యిండ్లలో ఇట్లు బయటపడిన పాటలను, కథలను మాకు వ్రాసి పంపినచో సంతోషముతో చదువుదుము.